రసి కారుతున్న కీలుకి మాత్ర రాయకండి

మోకీలు మార్పిడి జరిగి పది రోజులైంది. కట్టు విప్పితే కింది కుట్ల దగ్గర తడి కనిపించింది. ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి ఫోను చేస్తారు, ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు వాట్సాప్‌లో రాసి పంపుతారు. పల్లెల్లో అయితే ఆర్‌ఎంపీ డాక్టరు పూటకో ఇంజెక్షన్ వేస్తాడు. రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, తడి ఆరినట్టు ఉంటుంది, అందరూ స్థిమితపడతారు. కీలు మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ల విషయంలో జరిగే పొరపాట్లన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మాత్ర మంచి మందే అయ్యుండొచ్చు. దాన్ని వేసిన వేళ తప్పు.

ఈ జబ్బులో ఏ యాంటీబయాటిక్, ఎన్ని మిల్లీగ్రాములు అని అందరూ అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది ఎప్పుడు అని. కోతకు ముందు ఇచ్చిన ఒక్క డోసు, కోత తర్వాత ఇచ్చే పది రోజుల కోర్సు చేయలేని పని చేస్తుంది. పరీక్ష కోసం కీల్లోంచి శాంపిల్ తీశాక ఇచ్చిన మందు రోగిని కాపాడుతుంది, తీయకముందు ఇచ్చిన అదే మందు జబ్బును దాచిపెడుతుంది.

కారణం ఇంప్లాంటులోనే ఉంది. మొదటిసారి మోకీలు, తుంటి కీలు మార్చినప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే. మళ్లీ మార్చే ఆపరేషన్లలో అంతకన్నా ఎక్కువ. సంఖ్య చిన్నదే గానీ, వచ్చిందంటే వదిలించుకోవడం చాలా కష్టం. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు వాలంటీర్ల చర్మంలోకి స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి లక్షల్లో బ్యాక్టీరియా కావాల్సి వచ్చింది. అక్కడ ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలు సరిపోయాయి. ఒక్క దారప్పోగుతోనే అవసరమైన సంఖ్య సుమారు పదివేల రెట్లు పడిపోయింది. మనం మోకాల్లో పెట్టేది అరచేతి వెడల్పు లోహం, ప్లాస్టిక్, సిమెంటు. వాటిలో రక్తనాళాలు ఉండవు, తెల్లకణాలు వాటి మీదికి సులువుగా చేరలేవు. లోహం మీద వాలిన బ్యాక్టీరియా గంటల్లో అతుక్కుని, రోజుల్లో తన చుట్టూ జిగట పొర కట్టుకుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. లోపలి కణాలు దాదాపు నిద్రలో ఉంటాయి. విడిగా తిరిగే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు వందల రెట్లు ఇచ్చినా ఇవి చావకపోవచ్చు. రక్తంలో తిరిగే మాత్ర ఆ పొర అంచున రాలిపడే కణాలను చంపుతుంది, అందుకే ఎరుపు తగ్గుతుంది, జ్వరం పోతుంది. పొర మాత్రం అక్కడే ఉండి, వారం వారానికీ గట్టిపడుతుంది.

అందుకే మొదటి డోసు ఇచ్చే వేళ అంత ముఖ్యం. సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ అయితే కోతకు ముందు 60 నిమిషాల లోపు 2 గ్రాములు. బరువు 120 కిలోలు, ఆపైన ఉంటే 3 గ్రాములు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం లీటరున్నర దాకా పోయినా ఇంకో డోసు. మోకాలి ఆపరేషన్‌లో ఇంకో చిక్కుంది. తొడకు టూర్నికే బిగిస్తారు కదా, బిగించాక కిందికి రక్తం పోదు, మందూ పోదు. ఇంజెక్షన్ పూర్తిగా లోపలికి వెళ్లిన తర్వాతే టూర్నికే ఎక్కించాలి. మత్తు డాక్టరు సిరంజి పట్టుకుని ఉండగానే టూర్నికే ఎక్కిస్తే, కాగితం మీద డోసు ఇచ్చినట్టే ఉంటుంది, మోకాలి ఎముకలో మాత్రం అది ఉండదు. వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌తో ఇంకా జాగ్రత్త కావాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 70 కిలోల మనిషికి ఇంచుమించు ఒక గ్రాము. దాన్ని కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి, లేకపోతే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోవచ్చు. కాబట్టి కోతకు రెండు గంటల ముందు నుంచే మొదలుపెట్టాలి. థియేటర్లోకి తెచ్చాక మొదలుపెడితే సగం సీసా సెలైన్ స్టాండుకే వేలాడుతుండగా కోత పడిపోతుంది.

బలమైన మందు, ఇంకో మందు జోడిస్తే మేలే కదా అనేవాళ్ల కోసం ఆస్ట్రేలియాలో పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2023లో వచ్చాయి. నాలుగు వేలమందికి పైగా కీలు మార్పిడి రోగుల్లో సగంమందికి సెఫాజోలిన్ మాత్రమే, మిగతా సగానికి దానితోపాటు వాంకోమైసిన్ ఇచ్చారు. పైపైవి కూడా కలిపి గాయం ఇన్ఫెక్షన్లు జోడించినవాళ్లలో 4.5 శాతం, జోడించనివాళ్లలో 3.5 శాతం. మోకీళ్లనే విడిగా చూస్తే 5.7, 3.7. ఎంఆర్‌ఎస్‌ఏ (మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని స్టెఫిలోకాకస్) బ్యాక్టీరియా ఉన్నట్టు ముందే తెలిసినవాళ్లను అందులో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. మిగతావాళ్లకు ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో సీసా కట్టడం వల్ల మంచి జరగలేదు.

పెన్సిలిన్ అలర్జీ అని ఎప్పుడో ఒక చీటీ మీద రాసినందుకు సెఫాజోలిన్ మానేసి వేరే మందుకు పోవడమూ ఇలాంటిదే. అలా రాయించుకున్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా పరీక్షిస్తే అలర్జీ తేలదు. పైగా సెఫాజోలిన్ అణువు పక్కగొలుసు పెన్సిలిన్ల దానితో పోలదు. గొంతు మూసుకుపోవడం, చర్మం ఊడిపోవడం లాంటి తీవ్రమైన చరిత్ర ఉంటే తప్ప, ‘చిన్నప్పుడు దద్దుర్లు వచ్చాయట’ అన్న మాట మీద మంచి మందు వదిలేయకూడదు.

ఇక ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు, పది రోజులు, కుట్లు తీసేదాకా యాంటీబయాటిక్. మన దగ్గర ఇది అలవాటైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే ఆపరేషన్ అయిపోయాక నివారణ కోసం యాంటీబయాటిక్ పొడిగించవద్దని చెప్పింది. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, డ్రెయిన్ (రక్తం, రసి బయటికి తీసే గొట్టం) పెట్టినా సరే, కోత మూశాక శుభ్రమైన ఆపరేషన్లకు ఇంకో డోసు వద్దంది. ఎదుటివాదనను తీసిపారేయను: బాగా రిస్కు ఉన్న రోగులకు వారం రోజుల మాత్రలిస్తే 90 రోజుల్లో ఇన్ఫెక్షన్లు తగ్గాయని ఇండియానా నుంచి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. కానీ అది పాత రికార్డులు తిరగేసి చేసినది, చీటీలు తీసి రోగులను పంచిన ట్రయల్ కాదు. దాన్ని చూపించి అందరికీ పది రోజులు రాయడం కుదరదు. నిజంగా రిస్కు ఉన్నవాళ్లయితే, ఆ రిస్కును ఆపరేషన్‌కు ముందే తగ్గించే మార్గాలున్నాయి.

ఆ మార్గాలు కొత్తవి కావు. సర్జన్ జాన్ చార్న్‌లీ ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో తుంటి మార్పిడి మొదలుపెట్టిన కాలంలో ఆయన రోగుల్లో ఏడు శాతం, ఇంకా పైన ఇన్ఫెక్షన్లు వచ్చేవి. గాలిని వడగట్టి, థియేటర్లో ప్రత్యేక గది కట్టి, దుస్తులు మార్చి దాన్ని ఒక శాతం లోపుకి తెచ్చాడు. ఆ గాలి యంత్రాల విలువ మీద ఇప్పుడు అభిప్రాయం మారింది. 1982 బ్రిటిష్ ట్రయల్‌లో ఇన్ఫెక్షన్ 1.5 నుంచి 0.6 శాతానికి తగ్గిందని తేలినా, తర్వాతి రిజిస్ట్రీ (ఆపరేషన్లన్నీ నమోదు చేసే పట్టిక) లెక్కల్లో ఆ లాభం కనిపించలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కీలు మార్పిడి కోసం లామినార్ ఫ్లో (ఆ వడగట్టిన గాలి ఏర్పాటు) అక్కర్లేదంది. గాలి శుభ్రత కోసం థియేటర్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటోందో చూడటానికి డబ్బు కూడా అక్కర్లేదు.

రోగి వైపు నుంచి చేయాల్సినవి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 7.5–8 లోపు, ఆపరేషన్ రోజుల్లో షుగరు 180–200 దాటకుండా, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) 3.5 పైన, సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందు నుంచి బంద్. వెంట్రుకలు తీయాల్సి వస్తే క్లిప్పరుతోనే, బ్లేడు వద్దు. ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉంటే ఐదు రోజులు ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ స్నానం. 2010 నాటి డచ్ ట్రయల్‌లో రకరకాల ఆపరేషన్ల రోగుల్లో ఈ బ్యాక్టీరియా తెచ్చే ఇన్ఫెక్షన్లు దీనితో 7.7 నుంచి 3.4 శాతానికి దిగాయి. ఒకటి మాత్రం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. మోకాలి నొప్పికి కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం సాధారణం. వేయించుకున్న మూడు నెలల్లోపు ఆ మోకీలు మార్చకూడదు. చాలామంది ఈ ఇంజెక్షన్ సంగతి సర్జన్‌కు చెప్పరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

ఇప్పుడు కుట్ల దగ్గర తడి. మొదటి రెండు రోజులు కట్టుకు కాస్త రక్తం, రసి అంటడం మామూలే. 72 గంటలు దాటాక కూడా కట్టు తడుస్తోందంటే దాన్ని ఒక ప్రమాద సూచనగా తీసుకోవాలి. రసి బయటికి వచ్చే దారి ఉందంటే చర్మం మీది బ్యాక్టీరియా లోపలికి వెళ్లే దారి ఉన్నట్టే. ఎందుకు కారుతుందంటే సాధారణంగా లోపల రక్తం గడ్డకట్టి ఉండటం, రక్తం పలచబరిచే మందు ఎక్కువవడం, లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు కరిగి రావడం, లేదా కీలును మూసిన లోపలి కుట్టు వదులవడం. వీటిలో ఏ ఒక్కటీ యాంటీబయాటిక్‌తో మానేది కాదు. చేయాల్సింది: మోకాలు వంచే వ్యాయామం రెండు మూడు రోజులు ఆపి కాలు చాపి ఉంచడం, పలచబరిచే మందు డోసు మళ్లీ చూసుకోవడం, శుభ్రంగా ఒత్తుకట్టు కట్టడం, లేదా గాలిపీడనంతో రసి లాగే డ్రెస్సింగ్ పెట్టడం, షుగరు అదుపు చేయడం, రోజూ ఒకే మనిషి చూసి ఎంత తడిసిందో రాయడం. ఐదు నుంచి ఏడు రోజులకూ ఆరకపోతే థియేటర్‌కు తీసుకెళ్లి తెరిచి, శాంపిళ్లు తీసి, కడిగి, పొరలు పొరలుగా మళ్లీ మూయాలి. ‘ఇంకో వారం చూద్దాం’ అనే మాట ఇక్కడే కొంప ముంచుతుంది. సర్జన్‌కు ఇష్టం ఉండదు, రోగికి అంతకన్నా ఇష్టం ఉండదు, బిల్లు ఎవరు కడతారన్న ప్రశ్న వస్తుంది. మాత్ర రాయడం అందరికీ తేలిక. ఆ తేలికదనంలో మూడు నాలుగు వారాలు గడిచిపోతాయి. ఇంప్లాంటును కాపాడుకునే గడువు ఇంచుమించు అంతే.

కుట్టు మీది నుంచి దూది పుల్లతో తీసిన శాంపిల్ మీద ఆధారపడొద్దు. దానిలో పెరిగేది చర్మం మీది బ్యాక్టీరియా, లోపలిది వేరు కావచ్చు. కీల్లోంచి నీరు తీయాలి. రోగి స్థిరంగా ఉంటే, పాత ఇన్ఫెక్షన్ అనుమానమైతే, తీసే ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపాలి. చర్మం ఎర్రగా వాచిన చోటు గుండా సూది పోనివ్వకూడదు. కీలు లోపలికి లిగ్నోకైన్ (తిమ్మిరి మందు) పోనివ్వకూడదు, అది కూడా బ్యాక్టీరియాను అణచగలదు. నీరు రాలేదని సెలైన్ ఎక్కించి లాగితే కణాల లెక్క పనికిరాదు. వచ్చిన నీటిలో కొంత ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో కణాల లెక్కకు, మిగతాది నేరుగా బ్లడ్ కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) బాటిళ్లలోకి. చాలా తక్కువ వస్తే కల్చర్‌కే ప్రాధాన్యం. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, వెంటనే ల్యాబుకు పంపాలి. కల్చర్ 14 రోజులు ఉంచమని చీటీ మీద రాయాలి, నెమ్మదిగా పెరిగే క్యూటిబ్యాక్టీరియం లాంటివి ఐదో రోజున కనబడవు.

లెక్కలు ఎలా చదవాలి? ఆపరేషన్ జరిగి చాలాకాలమైన కీల్లో తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000 దాటి, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం 80 శాతం దాటితే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. మామూలు కీలువాపులో 3,000 అంటే పెద్ద సంఖ్య కాదు కాబట్టి ల్యాబు రిపోర్టు మీద ‘అసాధారణం’ అన్న గుర్తు ఉండకపోవచ్చు, చూసేవాళ్లు తప్పిపోతారు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో హద్దు 10,000, 90 శాతం. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష) ఆపరేషన్ తర్వాత రెండు మూడో రోజుకి బాగా పెరిగి, కొన్ని వారాల్లో మామూలుకు దిగుతుంది. ఒక్క అంకె కన్నా దాని దారి చూడాలి: దిగుతూ దిగుతూ మళ్లీ ఎక్కిందంటే కారణం వెతకాలి. సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన మందకొడి ఇన్ఫెక్షన్ లేదని కాదు. మోకాలు కొన్ని నెలలు కాస్త వెచ్చగా ఉండటం సహజం, దానికి బెంగ వద్దు. ఆపరేషన్ రోజు నుంచీ ఒక్కరోజూ తగ్గని నొప్పికి మాత్రం కీలునీటి పరీక్ష చేయించాల్సిందే. కీలు దాకా వెళ్లే చీము రంధ్రం ఉంటే, ఇన్ఫెక్షన్ ఉందా లేదా అని తేల్చడానికి ఇక ఏ పరీక్షా అక్కర్లేదు, అది ఇన్ఫెక్షనే.

తొలి వారాల్లో పట్టుకుంటే ఇంప్లాంటు ఉంచి కడగొచ్చు. ఆస్పత్రుల్లో ‘వాష్ ఇవ్వడం’ అంటారు గానీ ఆ మాట పనిని చిన్నది చేసి చూపిస్తోంది. కీలు పూర్తిగా తెరవాలి, దుర్బిణీతో చిన్న రంధ్రాల గుండా చేసేది సరిపోదు. ఇన్ఫెక్షన్ పట్టిన పొరంతా కోసి తీయాలి. మోకాల్లో ప్లాస్టిక్ లైనర్ (లోహపు భాగాల మధ్య ఉండే బిళ్ల), తుంటిలో తలభాగం, లైనర్ విప్పి కొత్తవి పెట్టాలి. లైనర్ తీయకుండా దాని వెనక ఏముందో కడగలేరు. ఐదారు చోట్ల నుంచి ఐదారు కణజాలపు ముక్కలు, ఒక్కోదానికి వేరే పరికరంతో, వేరే డబ్బాలో వేయాలి. రెండింటిలో ఒకే బ్యాక్టీరియా వస్తే జబ్బు ఖాయం, ఒక్కదానిలోనే వస్తే అది బయటినుంచి కలిసినదా అని ఆలోచించాలి. తర్వాత ఆరు నుంచి తొమ్మిది లీటర్ల సెలైన్. కడగడం అయ్యాక డ్రేపులు, గ్లవ్స్, పరికరాలు అన్నీ మార్చి మూయాలి. ఆ ఆపరేషన్‌కు కొత్త లైనర్ సైజు ముందే తెప్పించుకోకపోతే పాతదాన్నే కడిగి పెట్టేస్తారు. రాత్రికి రాత్రి చేసే వాష్‌లు తరచు విఫలమయ్యేది ఇందువల్లే. రోగి సెప్టిక్‌గా (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణాపాయంలో) లేకపోతే, ఒకటి రెండు రోజులు ఆగి, భాగాలు తెప్పించుకుని, అనుభవం ఉన్న సర్జన్‌తో చేయించడం మేలు.

శాంపిళ్లు వెళ్లాక యాంటీబయాటిక్‌ల వంతు. ఇక్కడ నేను మందులకు వ్యతిరేకిని కాదని చెప్పుకోవాలి, ఎందుకంటే కీలు మార్పిడి ఇన్ఫెక్షన్ల మీద ఫ్రాన్స్‌లో జరిగిన ట్రయల్ (2021) నేర్పింది తక్కువ వాడమని కాదు. 12 వారాలు ఇచ్చినవాళ్లలో 9.4 శాతం మందికి, ఆరు వారాలు ఇచ్చినవాళ్లలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది. ఇంప్లాంటు ఉంచి కడిగినవాళ్లలో తేడా ఇంకా ఎక్కువ, 14.5కు 30.7. నివారణకు ఒక్క డోసు చాలు, చికిత్సకు పన్నెండు వారాలు కావాలి. మనం చాలాసార్లు దీన్ని తిరగేస్తాం. నివారణకు పది రోజులు, చికిత్సకు రెండు వారాలు. ఆ పన్నెండు వారాలూ సెలైన్ పైపుతో ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు. 2019లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో వెయ్యిమందికి పైగా ఎముక, కీలు ఇన్ఫెక్షన్ల రోగుల్లో మొదటి వారంలోనే సరైన నోటి మందులకు మార్చినవాళ్లు ఇంజెక్షన్లు కొనసాగించినవాళ్లకు ఏమీ తీసిపోలేదు (విఫలమైనవి 13.2, 14.6 శాతం). సరైన మందు అంటే కల్చర్ రిపోర్టు చూసి ఎంచినది. రిపోర్టు లేకపోతే ఈ సౌకర్యం కూడా పోతుంది.

స్టెఫిలోకాకస్ అయితే టీబీకి కూడా వాడే రిఫాంపిసిన్ పేరు వస్తుంది. బయోఫిల్మ్‌లోకి చొరబడే అతికొద్ది మందుల్లో ఒకటి. 1998 స్విస్ ట్రయల్‌లో సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి పూర్తి కోర్సు వాడిన 12 మందిలో 12 మందీ బాగయ్యారు, సిప్రో మాత్రమే వాడిన 12 మందిలో ఏడుగురే. చాలా చిన్న ట్రయల్ అది. తర్వాత నార్వేలో జరిగిన ట్రయల్‌లో రిఫాంపిసిన్ వల్ల అదనపు లాభం తేలలేదు. నేనైతే వాడటమే మంచిదంటాను, షరతులతో. ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వకూడదు, రోజుల్లోనే రెసిస్టెన్స్ వస్తుంది. గాయం ఆరి, డ్రెయిన్లు తీసేశాకే మొదలుపెట్టాలి. వార్ఫరిన్, షుగరు మాత్రలు, బీపీ మందుల్లో కొన్నిటి బలాన్ని ఇది తగ్గిస్తుంది. మన దేశంలో ఇంకో షరతు, అది యూరప్ గైడ్‌లైన్లలో అంతగా కనిపించదు: ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. కీలు టీబీ మందకొడిగా, కల్చర్ నెగటివ్‌గా, ఇదే వేషంలో వస్తుంది. రిఫాంపిసిన్‌తో క్వినోలోన్ (సిప్రో జాతి మందు) కలిపి మూడు నెలలిస్తే టీబీ సగం మానినట్టు కనిపించి, మందులకు లొంగని రూపంలో తిరిగి రావచ్చు. కణజాలంలో ఒక ముక్క బయాప్సీకి, ఒకటి సీబీనాట్‌కు (టీబీ జన్యు పరీక్ష) పంపితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క కల్చర్‌కు పనికిరాదు, థియేటర్లో అన్ని ముక్కలూ ఒకే ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపడం నర్సులకు అలవాటు, కాబట్టి ముందే చెప్పి వేరుచేయించాలి.

గడువు దాటిపోతే ఇంప్లాంటు తీయక తప్పదు. ఒకేసారి తీసి కొత్తది పెట్టడమా, సిమెంటు స్పేసర్ (మందు కలిపిన తాత్కాలిక దిమ్మె) పెట్టి కొన్ని వారాల తర్వాత రెండోసారి పెట్టడమా అన్న చర్చ పాతది. తుంటి కీలు మీద 2022లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో 18 నెలలకు రెండింటి ఫలితమూ ఒకేలా ఉంది. ఒకేసారి పద్ధతికి బ్యాక్టీరియా పేరు ముందే తెలిసి ఉండటం మేలు, ఎందుకంటే సిమెంటులో ఏ మందు కలపాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు. మందు ముందు వేసి శాంపిల్ తర్వాత తీసిన రోగికి ఈ దారి చాలాసార్లు మూసుకుపోయి ఉంటుంది. స్పేసర్‌తో ఇంటికి వెళ్లినవాళ్లలో కొంతమంది రెండో ఆపరేషన్ దాకా రారు, డబ్బు అయిపోతుంది లేదా ఒంట్లో ఓపిక అయిపోతుంది.

మోకీలు ఇంప్లాంటు ధరకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ హద్దు పెట్టినప్పటి నుంచి ధర అడగడం అందరికీ వచ్చింది. ఇన్ఫెక్షన్ రేటు అడగడం రాలేదు. ఇంగ్లండ్‌లో 2004 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ) ఆస్పత్రులు కీలు మార్పిడి లాంటి ఎముకల ఆపరేషన్ల ఇన్ఫెక్షన్లను లెక్కగట్టి పంపడం తప్పనిసరి. మన దగ్గర అది రావాలని నేను కోరతాను, వచ్చేదాకా డిశ్చార్జ్ కాగితం మీద నాలుగు విషయాలు రాయించుకోండి. కోతకు ముందు ఏ మందు, ఏ సమయానికి ఇచ్చారు. ఇంప్లాంటు స్టిక్కర్లు, సైజులతో సహా. కట్టు తడిస్తే పగలూ రాత్రీ ఎవరికి ఫోను చేయాలి. ‘మేము చూడకుండా బయట యాంటీబయాటిక్ ఇవ్వవద్దు’ అన్న వాక్యం తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఊళ్లో డాక్టరుకు ముందుగా చూపించాల్సిన కాగితం అదే.